రాళ్ళ సారు

భూమి పైపెంకు ఎక్కడ విరిగింది, ఎక్కడ ముడతపడింది, ఏ ఒత్తిడికి ఎటు ఒరిగింది అన్న సంగతులను పరిశోధించే శాస్త్రాన్ని టెక్టానిక్స్ అంటారు. ఆ శాస్త్రాన్ని వృత్తిగా పెట్టుకున్న మనిషిని పులివెందుల ప్రాంతపు పల్లెల్లో రాళ్ళ సారు అంటారు. మెడలో తాడుకు వేలాడే భూతద్దం, నడుముకు సుత్తి, భుజాన గుడ్డసంచి ఉన్న ఈయనను చూడగానే ఊరు మూడు రకాలుగా అనుమానిస్తుంది: బోరు పాయింటు పెట్టేవాడై ఉండాలి, గుప్తనిధుల కోసం వచ్చినవాడై ఉండాలి, లేదా భూసేకరణకు కొలతలు తీసేవాడై ఉండాలి. రాళ్ళు ఎలా ఒరిగాయో తెలుసుకోవడానికి ఒక మనిషి జీతం తీసుకుని మరీ ఎండలో తిరుగుతాడన్న నాలుగో ఊహ ఎవరికీ రాదు.

ఎం.ఎస్సీ., నెట్ పరీక్ష, పిహెచ్.డి. అన్న మూడు పొరలు ఒకదానిమీద ఒకటి పేరుకున్నాక, అదృష్టం కలిసివస్తే, 1961లో హైదరాబాదులో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థలోనో, భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థలోనో ఈయన ఉద్యోగంలో కుదురుకుంటాడు. భారత భూఫలకం ఏడాదికి దాదాపు 5 సెంటీమీటర్ల చొప్పున ఈశాన్యంగా జరుగుతోంది గనుక 30 ఏళ్ళ సర్వీసులో దేశం ఒకటిన్నర మీటర్లు ముందుకు పోతుంది. పదోన్నతి విషయంలో ఈయన దేశాన్ని ఏనాడూ దాటిపోడు. బంధువులంతా గోవిందనామాలు పలుకుతూ తిరుమల కొండెక్కుతుంటే, ఈయన ఘాట్ రోడ్డు మలుపులో వాహనం ఆపించి, పాత శిలల అరిగిన వీపుమీద కోట్ల ఏళ్ళ విరామం తర్వాత కొత్త పొరలు పరుచుకున్న గీతను, అంటే శాస్త్రవేత్తలు విషమ విన్యాసం అనే దాన్ని చూపించి, తన దర్శనం అక్కడే ముగిసిందంటాడు.

ఇటువంటి మనిషికి యురేనియం గని ఉన్న తుమ్మలపల్లె పుణ్యక్షేత్రం. 1872లో విలియం కింగ్ తన గ్రంథంలో వర్ణించిన కడప బేసిన్, అంటే నేల కుంగిన చోట కోట్ల ఏళ్ళపాటు ఇసుకా బురదా సున్నమూ పేరుకుని రాయిగా మారిన నెలవంక ఆకారపు పల్లం, దాదాపు 44,000 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంటే, దాని నైరుతి అంచున ఈ ఊరుంది. నేల సాగి కుంగిందని ఒక వర్గం, అడుగునుంచి ఉబికిన వేడి చల్లారాక కుంగిందని ఇంకో వర్గం సదస్సుల్లో వాదించుకుంటాయి. ఆ వాదం భోజనాల దగ్గర పెరుగన్నం దాకా సాగుతుంది. పులివెందుల దగ్గరి నల్లరాతి చొరబాటు, అంటే కరిగిన రాయి పొరల మధ్యకు చొచ్చుకొచ్చి గట్టిపడిన పలక, వయసు 188 కోట్ల 50 లక్షల ఏళ్ళని, అటూ ఇటూ 30 లక్షల ఏళ్ళు తేడా ఉండవచ్చని చెబుతూ ఆ ఖచ్చితత్వానికి పొంగిపోయే ఈయనే, పులివెందుల బస్సు ఇరవై నిమిషాలు ఆలస్యమైతే సమయపాలన లేని దేశమని నిట్టూరుస్తాడు.

ఈయన పనిలో ఊరికి నచ్చే ఘట్టం ఒకటే. రాయి పగలగొట్టి, తాజా ముఖాన్ని నాలుకతో తడిపి, భూతద్దం కంటికి ఆనించి చూసి, జేబులోంచి చిన్న ఎసిడ్ సీసా తీసి ఒక చుక్క వేస్తాడు. సున్నపురాయి అయితే గోలీసోడా కొట్టినట్టు వెంటనే బుసబుసమంటుంది. మెగ్నీషియం కలిసిన డోలమైట్ అయితే కత్తిమొనతో గీకి పొడి చేస్తేగానీ పొంగదు. చుట్టూ చేరిన పిల్లలు ఇంకో చుక్క వేయమంటారు, ఈయనా కాదనడు. ఈ ఊరి యురేనియం ఇమిడి ఉన్నది అటువంటి డోలమైట్ సున్నపురాతి పొరలోనే. ఎసిడ్ పోస్తే ఆ రాయే దాన్నంతా తాగేస్తుంది గనుక, జార్ఖండ్‌లోని జాదుగూడలో లాగా ఆమ్లంతో గాక, 2012లో మొదలైన ఇక్కడి శుద్ధి కర్మాగారంలో క్షారంతో యురేనియాన్ని కరిగించి తీస్తారు.

చివరకు చీనీతోట రైతు అడగవలసింది అడుగుతాడు: "ఏం సార్, ఈడ బోరేస్తే నీళ్ళు పడ్తాయా?" రాళ్ళ సారు పొరల వాలు గురించి, అంటే అవి నేలలోకి దిగే కోణం గురించి పావుగంట చెప్పి, తుమ్మలపల్లె పొరలు ఉత్తర ఈశాన్యంగా సుమారు 15 డిగ్రీలు దిగుతున్నాయని నోటుపుస్తకంలో రాసుకుని, నీళ్ళ సంగతి వేరే శాఖవారిదని ముగిస్తాడు. అరచేతిలో టెంకాయ పెట్టుకుని నడిచేవాడు ఇంత నిరాశపరచడు. తప్పయినా సరే, ఒక చోటు చూపిస్తాడు. గని వ్యర్థాల చెరువు వచ్చాక ఊళ్ళవాళ్ళు ఇంకో ప్రశ్న కూడా అడుగుతున్నారు: "పడిన నీళ్ళు తాగొచ్చునా?" దానికీ రాళ్ళ సారు జవాబు అదే, వేరే శాఖ.

అయితే నేల కింది నీళ్ళు పొరల వాలునూ పగుళ్ళనూ పట్టుకునే పోతాయి గనుక, ఆ వేరే శాఖవారు ఎప్పుడు వచ్చినా మొదట అడిగేది ఈయన రాసుకున్న ఆ 15 డిగ్రీల లెక్కనే. ఊరు తప్పు మనిషిని అడగలేదు. ఆ సంగతి ఆయనకే ఇంకా తెలియదు.