ఇంజను వర్ణలేపన సూత్రమునకు టీకాతాత్పర్యములు

మూలము

“ముందుగాల జిడ్డు తియ్యండి సారూ. ఏది ఎంత కాలుద్దో చూసుకొని డబ్బా కొనండి. పల్చగా వెయ్యండి, ఆరనియ్యండి. నంబరుకీ, ప్యాకింగు అంచుకీ మాత్రం తగలనియ్యకండి.”

అవతారిక

ఖమ్మము నుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా భద్రాద్రికి బోవు త్రోవలో, ఒకవంక కిన్నెరసాని యడవులును ఒకవంక బొగ్గులారీల బారులును గల యొకానొక షెడ్డునందు, పాత అంబాసిడరు బానెట్టు నెత్తి నిలిచి, యింజనునకు ఇంటివద్దనే రంగు వేసికొన సంకల్పించిన గృహస్థుడు “చిరకాలము నిలుచు పెయింటు పేరొకటి చెప్పవయ్యా” యని యడుగగా, మేస్త్రి చేతిలోని స్పానరు క్రింద బెట్టకయే యనుగ్రహించిన వాక్యచతుష్టయ మిది. అడిగినది డబ్బా పేరు. చెప్పినదానిలో డబ్బా పేరొక్కటియే లేదు. ఈ యసంగతిని పరిహరించుటకే వ్యాఖ్యాన మావశ్యకమైనది. 1871లో విలియం కింగ్ అను భూగర్భశాస్త్రవేత్త ఇల్లెందు చెంత బొగ్గు కనుగొన్నది మొదలు మసియు యంత్రమును ఈ సీమకు చుట్టములు. పాల్వంచ తాపవిద్యుత్కేంద్రము నీడలో బ్రదుకువారికి, కాకచే రంగు ఏమగునో యెఱుగుట వృత్తిలోని మొదటి పాఠము. కావున వక్త ప్రామాణ్యమును శంకింప బనిలేదు.

టీక

సారూ: ఈ సంబోధనము పాదపూరణార్థమని కొందఱందురు, అది పొసగదు. ఉపదేశము ఉచితమనియు, పని చేయించుకొన్నచో రుసుము గలదనియు నిందు ధ్వని.

జిడ్డు: ట్యాపెట్ కవరు అంచున గారి, ఎఱ్ఱమట్టి దుమ్ముతోడను బొగ్గుపొడితోడను గలిసి, యేండ్ల తరబడి కాగి కాగి అట్టగట్టిన ఇంజనాయిలు. తియ్యండి: కిరసనాయిలుతో నానబెట్టి, తీగబ్రష్షుతో గీకి, సబ్బునీళ్ళతో కడిగి, ఎమరీ కాగితముతో గరుకుచేసి, కడపట థిన్నరులో తడిపిన తెల్లని బనియన్ గుడ్డకు నలుపంటనంతవఱకు తుడువుడని యర్థము. కిరసనాయిలుతోనే విరమింపరాదా యన్నచో రాదు. అది పోవుచు పోవుచు పలుచని నూనెపొర విడిచిపోవును. శుద్ధి కుదిరినదో లేదో తెలియుటకు చెంబెడు నీళ్ళు పోసి చూడవలెను: నీరు పొరగా పఱచుకొని జారినచో కుదిరినట్లు, బొట్లు బొట్లుగా నిలిచినచో జిడ్డు మిగిలినట్లు. పిమ్మట ఇనుప బ్లాకునకు జింక్ ఫాస్ఫేటు ప్రైమరును, అల్యూమినియము భాగములకు ఎచ్ ప్రైమరును వేయవలెను. అల్యూమినియముపై వట్టి రెడాక్సైడు పూసినచో పట్టు దొరకక రేకులుగా లేచును. ఎగ్జాస్టు మానిఫోల్డునకు ఈ ప్రైమరులేవియు గూడవు. అవి మాడి, తమపై నున్న రంగునుగూడ దింపును.

ఏది ఎంత కాలుద్దో: ఇంజను పేరునకు ఒక్కటియే గాని దాని తాపము ఒక్కటి కాదు. బ్లాకు, హెడ్డు, ట్యాపెట్ కవరు, చాంబరు మొదలగునవి ఇంచుమించు 90 నుండి 120 డిగ్రీల సెంటీగ్రేడునకు లోబడి యుండును. మానిఫోల్డో, బరువుతో ఎక్కుడు ఎక్కునప్పుడు 600 డిగ్రీలను గూడ దాటగలదు. మొదటి వర్గమునకు 250, 300 డిగ్రీల వఱకు ఓర్చు ఇంజను ఎనామెలు చాలును. రెండవదానికి సిలికోను రెజినుతో జేసిన అల్యూమినియము పెయింటు వలయును. ఈ తాపసహ పెయింటులకు ఐ.ఎస్. 13183 అను భారత ప్రమాణము 200, 400, 600 డిగ్రీలని మూడు తరగతులు ఏర్పఱచినది. డబ్బాపై బొమ్మకంటె ఈ యంకె చూడదగినది. గేట్లకు మిగిలిన ఎనామెలును ఇంజనునకు పూయువారు కలరు. అది పసుపెక్కి, పెళుసై రాలును. డ్యూకో యని షెడ్లలో నేటికిని వాడుకలోనున్నది, 1920ల యందు అమెరికాలో డ్యూపాంట్ కంపెనీవారు కారు బాడీలకై తెచ్చిన నైట్రోసెల్యులోజు లాకరు పేరు. బాడీకి తెచ్చిన దానిని బానెట్టు క్రిందికి దింపినచో కాకకు తాళజాలక పగులును.

ఇచ్చట పూర్వపక్షము: 600 డిగ్రీలు ఓర్చునది 100 డిగ్రీలు ఓర్వదా? ఒక్క డబ్బాతోనే సర్వాంగములకును పూసిన ఖర్చు తగ్గును గదా? సిద్ధాంతము: తగ్గదు. సిలికోను పెయింటు సాధారణముగా 200 డిగ్రీల ప్రాంతమున అరగంటకు దక్కువ గాకుండ కాలినగాని సంపూర్ణముగా గట్టిపడదు. మానిఫోల్డు తన కాకచే తానే దానిని కాల్చుకొనును. ట్యాపెట్ కవరునకు ఆ యోగము లేదు. ఆవములో కాలని పచ్చికుండ నీటికి కరగినట్లు, ఆ కవరుపై ఎండినట్లు కన్పట్టిన రంగు పెట్రోలు చుక్క సోకినంతనే వ్రేలికంటును. కావున మిక్కిలి బలమైనది ఉత్తమమనుట భ్రాంతి, తగినదే ఉత్తమము. ఇక రెండు డబ్బాలు కలిపి కొట్టు పాలియురేథేను పెట్రోలునకు లొంగదు, నిజమే. దాని గట్టిదనమునకు హేతువైన ఐసోసయనేటులు స్ప్రే తుంపరతో ఊపిరితిత్తులకు జేరి హాని చేయును గనుక అది ఇంటి పెరటిలో పనికిరాదు.

పల్చగా వెయ్యండి, ఆరనియ్యండి: దళసరిగా ఒక్కమాఱు పూసినచో లోపలి థిన్నరు వెలికి రాలేక, ఇంజను కాగినపుడు బుడగలై పొంగును. పలుచని పూతలు రెండో మూడో, డబ్బాపై జెప్పిన యెడము నిచ్చి వేయవలెను. ఋతువును జూడవలెను. గోదావరి భద్రాచలము చెంత 43 అడుగులు తాకి మొదటి ప్రమాద హెచ్చరిక వెలువడు శ్రావణ దినములలో గాలి తేమ పూతపై జేరి తెల్లని పొగ క్రమ్మును. రోహిణి యెండలలో తుంపర లోహమును జేరకమున్నే గాలిలో నారి, గరుకై రాలును. కార్తీకము మొదలు మాఘము దనుక ఈ సీమలో ప్రశస్తము. పొయ్యికి, బీడీకి దూరముగా, ఆరుబయట కొట్టవలెను. ఆఱిన పిదప ఇంజనును మొదట పది నిముషములు, చల్లార్చి మఱల ఇరువది నిముషములు నడపి, క్రమముగా కాచి, ఆపైననే బండిని రోడ్డెక్కింపవలెను.

నంబరుకీ: ఇంజను నంబరు రంగులో మునిగినచో, ఆర్.టి.ఏ. ఆఫీసున బండిని పరీక్షించునాడు యజమాని సమాధానము చెప్పుకొనవలసివచ్చును. ప్యాకింగు అంచుకీ: ఆ యంచున రంగు పడినచో ప్యాకింగు సరిగా కూర్చొనక ఆయిలు కారును, కారిన ఆయిలు మఱల జిడ్డగును, సూత్రమంతయు మొదటినుండి చదువుకొనవలసి వచ్చును. ఈ రెండును ఉపలక్షణములు. మరలు, ప్లగ్గులు, ఎర్తు తీగ తగులు చోటు, బెల్టు తిరుగు పుల్లీ గాడి, రేడియేటరు రెక్కలు ఇవియు వర్జ్యములే. వీనికి మాస్కింగు టేపు చుట్టవలెను.

తాత్పర్యము

చిరస్థాయియగు పెయింటు ఏదని యడుగుట, ఏ భాగమునకని యడుగకున్నంతవఱకు, అసంపూర్ణమైన ప్రశ్న. శుద్ధి మొదటిది, తాపమునకు తగిన ఎన్నిక రెండవది, పూతలో ఓర్పు మూడవది, వర్జ్యముల యెఱుక నాల్గవది. కంపెనీ పేరు వీనిలో నెచ్చటను లేదు. కావున చదువరులు పెయింటు షాపు మెట్లెక్కుటకు ముందు కారుచున్న ప్యాకింగును మార్పించి, కిరసనాయిలును తీగబ్రష్షును సమకూర్చుకొనవలెనని మనవి. కారుచున్న ఇంజనుపై వేసిన రంగు, అది యెంత పేరుగలవారిదైనను, ఒక్క వానకాలము దాటదు.