నాలుగో మిషన్

తడ పక్కన శ్రీసిటీలో ఒక ప్లాస్టిక్ విడిభాగాల ఫ్యాక్టరీ. 2019 నాటి సంగతి. అప్పటికి తడ ఇంకా నెల్లూరు జిల్లాలోనే ఉంది. తిరుపతి జిల్లాలో కలిసింది 2022లో.

ఆ ఫ్యాక్టరీ క్వాలిటీ మేనేజరు గారికి పొద్దున్నే కాఫీతో పాటు ఫోన్లో ఒక చార్టు అందాలి. రాత్రంతా ఆరు మోల్డింగ్ మిషన్లు పోసిన ముక్కల బరువులు అందులో ఆరు బొమ్మలుగా కనబడాలి. బరువులన్నీ ఒక్కచోట గుమిగూడితే బొమ్మ సన్నగా, నిటారుగా లేస్తుంది. చెదిరితే చదునుగా పరుచుకుంటుంది. పుస్తకాల్లో దాన్ని హిస్టోగ్రామ్ అంటారు. ఆయన మాత్రం గోపురాలనేవారు. ఆరు గోపురాల్లో ఎప్పుడూ నాలుగో మిషన్‌దే ఎత్తు.

చార్టు గీసే ప్రోగ్రాం, ఎప్పుడో ఉద్యోగం మానేసి బెంగళూరు వెళ్లిపోయిన ఒక కుర్రాడు పైథాన్‌లో రాసిపెట్టింది. బొమ్మ గీసే పని మ్యాట్‌ప్లాట్‌లిబ్ అనే లైబ్రరీది. జాన్ హంటర్ అనే న్యూరోబయాలజీ పరిశోధకుడు మూర్ఛ రోగుల మెదడు తరంగాలను తెర మీద చూసుకోవడానికని మొదలుపెట్టి, 2003లో అందరి చేతికీ ఇచ్చాడు. ఆయన 2012లో పోయినా లైబ్రరీని నడిపేవాళ్లు ఉన్నారు. నడపడమంటే పద్ధతిగా నడపడం. పాత ఆప్షన్ ఒకటి పనికిరాదని తేలినా దాన్ని రాత్రికి రాత్రి పీకేయరు. "దీన్ని తీసేయబోతున్నాం, దీని బదులు అది వాడండి" అని కనీసం రెండు విడుదలల పాటు, వాడిన ప్రతిసారీ హెచ్చరిక వేస్తారు. ఆ తర్వాతే తీసేది.

మన చార్టులో అలాంటి ముసలి ఆప్షన్ ఒకటుంది. పేరు నార్మ్‌డ్. ఒక మిషన్ వెయ్యి ముక్కలూ ఇంకోటి మూడు వేలూ పోసినా, రెండింటినీ ఒకే కొలతకు తెచ్చి పక్కపక్కన చూపించేది అదే. అయితే బరువులను విడగొట్టే గడుల వెడల్పులు సమానంగా లేకపోతే తప్పు లెక్క ఇస్తుందని లెక్కలు చేసే నంపై లైబ్రరీ వాళ్లు 2011లోనే దాన్ని వాడొద్దన్నారు. చివరికి వాళ్లు పూర్తిగా తీసేసింది 2022లో. పదకొండేళ్లు ఓపిక పట్టారు! మ్యాట్‌ప్లాట్‌లిబ్ వాళ్లకు అంత తీరిక లేదు. 2017 అక్టోబరులో, 2.1 వెర్షన్‌తో "ఇకపై డెన్సిటీ వాడండి" అనడం మొదలుపెట్టి, 2019 మేలో 3.1తో నార్మ్‌డ్‌ను సాగనంపారు.

ఆ ఏడాదిన్నరా హెచ్చరిక వస్తూనే ఉంది. ట్రైనీగా చేరిన సూళ్లూరుపేట అమ్మాయి అది చదివి మేనేజరు గారి దగ్గరికి వెళ్లింది.

"సార్, ఈ ఆప్షన్ ఎత్తేస్తారంట. ఒక్క మాట మారిస్తే సరిపోతుంది. మార్చేదా?"

"ఇప్పుడు నడస్తా ఉందా లేదా?"

"నడస్తా ఉంది సార్."

"మరి దాన్ని కెలకడం దేనికమ్మా? ఆడిట్ వాళ్లు వచ్చినప్పుడు ఆ రాతలు తెర మీద కనపడకుండా చెయ్, చాలు."

పైథాన్‌లో అందుకు ఒకే ఒక్క లైను. రాస్తే హెచ్చరికలన్నీ నోరు మూసుకుంటాయి. ఆ సదుపాయం పెట్టినవాడికి మన ఆఫీసుల సంగతి ముందే తెలిసినట్టుంది. అమ్మాయి ఆ లైను రాసేసింది.

జూన్‌లో కంప్యూటర్ల వాళ్లు వచ్చి అన్నింటికీ కొత్త వెర్షన్లు ఎక్కించి పోయారు. ఆ మర్నాడే నాలుగో మిషన్‌నూ తీసేశారు. పాతదైపోయింది, విడిభాగాలు దొరకడం లేదు, కరెంటు ఎక్కువ తాగుతోంది. తీసేయమన్న కాగితం మీద మేనేజరు గారి సంతకమూ ఉంది. మిషన్ లారీ ఎక్కి వెళ్లిపోయింది. పాత రోజులైతే తడ చెక్‌పోస్టులో బిల్లుల తనిఖీకి ఒక పూట పట్టేది. 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక ఆ బెడదా లేదు.

చార్టు మాత్రం తప్పకుండా వస్తోంది. మెయిలు పైన ఆ రోజు తేదీ, కింద ఆరు గోపురాలు. మేనేజరు గారి జవాబులూ వస్తున్నాయి. "నాలుగో మిషన్ నిన్నటికంటే మెరుగు." "మిగతావాళ్లు నాలుగును చూసి నేర్చుకోవాలి."

ఆగస్టు 15కి ఉత్తమ ఆపరేటర్ బహుమతి ప్రకటించారు. నాలుగో మిషన్ ఆపరేటర్‌కు అయిదు లీటర్ల కుక్కరు. నోటీసు బోర్డు చదివి షిఫ్టు షిఫ్టంతా నవ్వాక గానీ ఆఫీసు గదుల్లో ఎవరికీ అనుమానం రాలేదు. మిషన్ ఉండాల్సిన చోట సిమెంటు చప్టా, బోల్టులు ఊడదీసిన గుంతలు.

అమ్మాయి ప్రోగ్రాం తెరిచి చూసింది. కొత్త వెర్షన్‌కు నార్మ్‌డ్ అంటే ఏమిటో తెలియదు. ఆ మాట దగ్గరే ప్రోగ్రాం రోజూ ఆగిపోతోంది. దాని వెనక నడిచే మెయిలు ప్రోగ్రాంకు అదేమీ పట్టదు. ఫోల్డర్లో ఉన్న బొమ్మను తీసి, ఆనాటి తేదీ వేసి పంపేస్తోంది. దాదాపు రెండు నెలలుగా అందరూ చూస్తున్నది ఒకే ఒక్క రోజు చార్టు.

మేనేజరు గారు తలుపేసుకుని ఆలోచించారు. బహుమతి ఆపితే ఎందుకు ఆపారో కాగితం మీద రాయాలి. రాస్తే ఆడిట్‌లో చార్టు సంగతి బయటపడుతుంది. "ఇచ్చేయండి" అన్నారు.

ఆ ఆపరేటర్ పులికాట్ ఒడ్డు పాలెం మనిషి. కాంట్రాక్టు పని. అందరూ పెద్దాయనా అనేవారు. ఫోన్ చేస్తే వచ్చాడు. గేటు దగ్గర విజిటర్ పాసు రాయించుకుని లోపలికొచ్చి, జెండా కింద నిలబడి కుక్కరు అందుకున్నాడు. ఫొటో తీశారు. మేనేజరు గారు భుజం తట్టి, "ఇట్లాగే కష్టపడు" అన్నారు.

వెళ్లిపోతూ పెద్దాయన అమ్మాయి దగ్గర ఆగాడు.

"ఏం పాపా, లేని మిషన్‌కి బహుమతి ఎట్టొచ్చింది?"

"ఏదో పాత ఆప్షన్ పెద్దాయనా. దాన్ని తయారుచేసేవాళ్లు తీసేశారు. తీసేస్తామని ఏడాదిన్నర ముందు నుంచీ చెప్తానే ఉన్నారు. మనోళ్లే వినలేదు."

పెద్దాయన కుక్కరు డబ్బాను ఈ చంకలో నుంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు.

"మంచోళ్లు పాపా. నాకైతే ఆ పొద్దు సాయంత్రం బస్సెక్కబోతా ఉంటే చెప్పినారు."