ఇంజిన్ మార్చే బాబాయి

ఒక బండిలోంచి దించిన ఇంజిన్‌ను మరో బండిలోకి ఎక్కించడాన్ని షెడ్లలో ఇంజిన్ స్వాప్ అంటారు. ఈ పనిని పొట్టకూటి కోసం చేసేవాడు మెకానిక్ కాగా, పొట్టకూటికి వేరే దారి ఉండి, ఆదివారాలనూ, పండగ బోనసునూ, పిన్ని సహనాన్నీ దీనికి ధారపోసేవాడు బాబాయి. ఆయన కుర్చీ బ్యాంకులో ఉండవచ్చు, ఎరువుల కొట్లో ఉండవచ్చు. మనసు మాత్రం విజయవాడ ఆటోనగర్‌లో, సెకండ్ హ్యాండ్ సామాన్ల గుట్టల నడుమ ఉంటుంది. ఇంట్లో దొరకని మర్యాద ఆయనకు అక్కడ టీతో పాటు దొరుకుతుంది.

ఈ వర్గం వారికి ఇలవేల్పు మారుతీ జిప్సీ. 1985లో వచ్చిన ఆ బండిలో 970 సీసీ ఇంజిన్ ఉండేది. పెట్రోలును గాలిలో కలిపే కార్బురేటర్ తన పని తాను చేసుకుపోయేది తప్ప ఏ కంప్యూటర్‌నూ సలహా అడిగేది కాదు. దాన్ని దించేసి, తర్వాతి కాలపు 1.3 లీటర్ల ఎంపీఎఫ్ఐ ఇంజిన్‌ను, అంటే సిలిండరుకొక ఇంజెక్టరుతో పెట్రోలు చిమ్మేదాన్ని, ఎక్కించడం బాబాయి జీవితాశయం. ఎప్పుడు, ఎంత చిమ్మాలో చెప్పేది ఈసీయూ అనే చిన్న కంప్యూటర్. ఇంజిన్ మారితే ఆర్‌సీలో ఆ మార్పు ఎక్కాలనీ, 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్టరింగ్ అధికారి ఆమోదం కావాలనీ ఎవరైనా గుర్తుచేస్తే, ఆ పని మంచిరోజు చూసి పెట్టుకుందామంటాడు. ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు అగ్రిమెంటులో కామా కూడా వదలని మనిషి ఆయనే.

ఇనుముతో ఆయనకు పేచీ లేదు. సరిపడని మౌంటింగును వెల్డింగ్ సరిపెడుతుంది. పేచీ అంతా వైర్లతోనే. ఇంజిన్‌కు కావలసింది గాలి, పెట్రోలు, నిప్పు, మిగతాదంతా కంపెనీవాళ్ల షోకు అన్నది ఆయన సిద్ధాంతం కనుక, వైరింగ్ కట్టను వరండాలో పరిచి, పిన్ని కూరగాయల కత్తితో ఒక్కో వైరుకూ తీర్పు చెబుతాడు. మొదటి వేటు పడేది స్పీడ్ సెన్సార్ వైరు మీద. ‘ఇది మీటరుకు సంబంధించిందిలే, మనకు కేబుల్ మీటరు ఉందిగా’ అంటూ కోసి, టేపు చుట్టేస్తాడు.

నిజానికి ఆ సెన్సార్ మీటరు కోసం మాత్రమే పుట్టలేదు. బండి కదిలినప్పుడు షాఫ్టుతో పాటు ఒక అయస్కాంతం తిరుగుతూ ఉంటే, అది దాటినప్పుడల్లా సెన్సార్ పల్స్ అనే చిన్న విద్యుత్ సంకేతాన్ని పంపుతుంది. జపాను ప్రమాణం పాటించే మీటర్లలో కేబుల్ కిలోమీటరుకు 637 చుట్లు తిరుగుతుంది కాబట్టి, చుట్టుకు 4 పల్సుల లెక్కన కిలోమీటరుకు 2,548 పల్సులు వస్తాయి. చెక్‌పోస్టు గుమాస్తా లారీలను లెక్కపెట్టినట్టు వీటిని లెక్కపెట్టుకునే ఈసీయూకు, బండి ఎంత వేగంగా పోతున్నదో, అసలు పోతున్నదో లేదో తెలుసుకోవడానికి ఇదే ఆధారం.

మొదటిసారి స్టార్ట్ చేసే రోజున టైర్ల కింద నిమ్మకాయలు నలుగుతాయి, కొబ్బరికాయ పగులుతుంది, ఇంజిన్ ఒక్క తాకుడుకే అందుకుంటుంది, వీధంతా లడ్డూలు పంచుతారు. నిలబడి ఉన్న బండికి స్పీడ్ సెన్సార్ లేని లోటు తెలియదు. దాని వేగం నిజంగానే సున్నా. లోటు తెలిసేది బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర. బండి గేరులో దొర్లుతుండగా యాక్సిలరేటర్ మీది కాలు తీస్తే, పల్సులు అందని ఈసీయూ బండి నిలబడే ఉందనుకుంటుంది. నిలబడ్డ బండికి ఇన్ని ఆర్‌పీఎం దేనికని ఐడిల్ గాలిని తగ్గించుకుంటూ పోతుంది. అప్పటిదాకా ఇంజిన్‌ను తిప్పుతున్నవి చక్రాలే కనుక ఏమీ తెలియదు గానీ, క్లచ్ తొక్కగానే ఆ ఆసరా పోయి, గాలి చాలక ఇంజిన్ టక్కున ఆగిపోతుంది. అన్ని ఈసీయూలూ ఇంత పట్టింపుగా ఉండవు. బాబాయికి దొరికేది మాత్రం ఎప్పుడూ పట్టింపు ఉన్నదే.

ఆ తర్వాత కల్తీ పెట్రోలు, పాత ప్లగ్గులు, తోడల్లుడి దిష్టి వరసగా ముద్దాయిలవుతాయి. బంపరుకు మిరపకాయలు వేలాడతాయి. పెద్ద టైర్లు వేసిన కారణంగా చక్రం తక్కువ చుట్లు తిరిగి, 60 వేగంలో మీటరు 55 చూపుతూ, కిలోమీటర్లు కూడా తక్కువగా లెక్క తేలుతుంటే, మైలేజీ పడిపోయిందని ఈసీయూను తిట్టిపోస్తాడు. వెలిగిన చెక్ ఇంజిన్ లైటు మీద తిరుపతి వెంకన్న స్టిక్కర్ అంటిస్తాడు. ఓబీడీ-2 పద్ధతి, అంటే తన లోపాలను బండే కనిపెట్టి రాసిపెట్టుకునే ఏర్పాటు, ఉన్న బండ్లలో స్పీడ్ సెన్సార్ లోపానికి పీ0500 అనే కోడ్ నమోదవుతుందని ఎవరైనా ఫోన్ తీసి చెప్పబోతే, ఫోన్ చూసి రోగం చెప్పేవాడు మెకానికా అని నోరు మూయిస్తాడు. అయినా అర్ధరాత్రి హైవే మీద ఎవరి బండి ఆగినా స్పానర్ల పెట్టెతో బయల్దేరేది ఆయనే. రూపాయి ముట్టడు, పైగా టీ తాగిస్తాడు, ఆ టీ అయ్యేలోగా ఇంజిన్ మార్పించుకొమ్మని నచ్చజెబుతాడు.

చివరికి గుట్టు తేల్చేది పాలిటెక్నిక్ చదివే కూతురు.

‘నాన్నా, బండి కదులుతున్నట్టు ఈసీయూకు తెలియడం లేదు.’

‘నాకు తెలిస్తే చాలదుటే?’

చాలదు. జిప్సీలో మీటరు కేబుల్ ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి, అంటే ఇంజిన్ బలాన్ని ముందు, వెనక చక్రాలకు పంచే పెట్టె నుంచి వస్తుంది కాబట్టి, ఆ అమ్మాయి అక్కడే ఈసీయూ లెక్కకు సరిపడే సెన్సార్‌ను బిగించి, కోసిన వైరును అతికిస్తుంది. బండి సిగ్నళ్ల దగ్గర ఆగడం మానేస్తుంది, బాబాయి ఆ సంగతి మొదట్నుంచీ చెబుతూనే ఉన్నానంటాడు. చెక్ ఇంజిన్ లైటు ఆరిందో లేదో మాత్రం తేలలేదు. దేవుడి బొమ్మను గీకి తీయడానికి పిన్ని ఒప్పుకోలేదు.