లంకలు కట్టు పొర: టీకా తాత్పర్య సహితము

మూలము: ఒకటిన్నర దాటి, రెండు నిండకముందే, పొర లంకలు కట్టును.

టీక: ఒకటిన్నర దాటి = పరమాణువుల వరుస ఒకటి పరచుకొని, రెండవది సగము మించిన పిమ్మట; రెండు నిండకముందే = ఆ రెండవది పూర్తికాకమునుపే, అనగా సుమారు 1.7 వరుసల వద్ద; పొర = గాలియం ఆర్సెనైడ్ పలకపై పడుచున్న ఇండియం ఆర్సెనైడ్; లంకలు = కొద్ది నానోమీటర్ల ఎత్తు గల మిట్టలు (నానోమీటరు మిల్లీమీటరులో పది లక్షవ వంతు); కట్టును = తనంత తానే ఏర్పరచుకొనును. ఇచట కర్త పొరయే. ప్రయోగశాలలోని వారు సాక్షులు మాత్రమే.

వ్యాఖ్య: యానాం వారికి లంక యనగానే గౌతమి తోచును గనుక, వేగము తగ్గిన నది మోయలేని ఒండ్రును విడిచినట్లే ఇచటను పదార్థము పోగుపడునని పూర్వపక్షము. అది నిలువదు. ఒండ్రుకు అడుగు నేలతో పేచీ లేదు. ఇండియం ఆర్సెనైడ్‌కు కలదు. దాని స్ఫటికములో పరమాణువుల ఎడము పలకలోని ఎడముకంటె సుమారు 7 శాతము ఎక్కువగుటచే, పలక కొలతకు లొంగి కూర్చున్న పరమాణువులు ఒకదానినొకటి నొక్కుకొనును. ఈ నొక్కుడునకే వికృతి యని పేరు. పొర మందమగుకొలది వికృతిశక్తి పెరిగి, మిట్టలెత్తుటచే అధికమగు ఉపరితలమునకు పట్టు శక్తినైనను భరించుటయే మేలగు స్థితి వచ్చును. అప్పుడు పదార్థము పైకి లేచి, పక్కలకు సడలును. లంకల నడుమ తడిపొర యనబడు పలుచని పొర మిగులును.

ఈ వృద్ధిక్రమమునకు స్ట్రాన్‌స్కీ, క్రస్తానోవ్ అను బల్గేరియా శాస్త్రజ్ఞుల పేర్లు కలవు. 1938లో వారు చర్చించినవి అయానిక స్ఫటికములే గాని ఇండియం ఆర్సెనైడ్ వంటి అర్ధవాహకములు కావు. మూలకారుడు తలపని యర్థమును అతనికి అంటగట్టుట కావ్యవ్యాఖ్యాతల సొత్తే కాదన్నమాట.

తాత్పర్యము: పరాయి కొలతలో ఇమడజూచిన పొర కొంతవరకు సర్దుకొని, పిదప మిట్టలెత్తునని భావము.

విశేషము: కృష్ణా జిల్లాలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున చదివి, 1990లో కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో చేరిన చెన్నుపాటి జగదీశ్ బృందము, మూలకముల సమ్మేళనములను వాయురూపమున పంపి ఇట్టి లంకలను పెంచినది. వీనిని మరల గాలియం ఆర్సెనైడ్‌తో కప్పగా ఎలక్ట్రానులు లోపల చిక్కుకొనును. అప్పుడు లంకకు క్వాంటం బిందువని పేరు. లంక చిన్నదగుకొలది అది వెలువరించు కాంతి తరంగదైర్ఘ్యము తగ్గుటచే, పరిమాణముతోనే రంగును నిర్ణయింపవచ్చును. లంకలు పెరుగునపుడు పదార్థపు సరఫరా ఆపుట ఆలస్యమైనచో లంకలు ఒకదానితో నొకటి కలిసి, స్ఫటికమున వరుసలు తెగి, వెలుగు క్షీణించును. మొదలగు వేళను అంత కచ్చితముగా చెప్పిన మూలకారుడు, ఆపవలసిన వేళను గూర్చి మౌనము వహించెను.