అదే సర్దుకుంటుందిలే!

సర్దుబాటురావు గారు లేని ఊరు ఉండదు. అసలు పేరు ఏదైనా కావచ్చు. చెట్లు కోసే మిషన్‌కి కొత్త చైను వేయాల్సి వచ్చిన రోజున ఆయన ఎవరిలోంచి బయటపడతారో చెప్పలేం. సరుగుడు తోట ఆసామిలో ఉండొచ్చు, తుపాను దాటిన మర్నాడు రోడ్డుకి అడ్డంగా పడ్డ చెట్టును తీయించే పెద్దమనిషిలోనూ ఉండొచ్చు. ఆయన్ని పట్టించేది ఒక్క మాట: "అదే సర్దుకుంటుందిలే!" ఇలాంటి మనిషిని ఏమీ తెలియనివాడని తీసిపారేయడం మనకు అలవాటు. అది అన్యాయం. నట్టు విప్పడం వచ్చు, స్పానర్ పట్టడం వచ్చు, అవసరమైతే సుత్తి వాడడం మరీ బాగా వచ్చు. ఏది సర్దుకుంటుందో, ఏది సర్దుకోదో, ఆ రెంటినీ సరిగ్గా తారుమారు చేసుకోవడంలోనే ఆయన ప్రత్యేకత అంతా ఉంది.

ముందు కొట్టు దగ్గర చూడండి. "18 అంగుళాల బారుకి చైనివ్వవయ్యా" అంటారు. కొట్టువాడు పిచ్ ఎంత, గేజ్ ఎంత, లింకులెన్ని అని అడిగితే, పెళ్లిచూపుల్లో పిల్లవాడి జీతం అడిగినట్టు మొహం పెడతారు. కానీ 18 అంగుళాల బారు, అంటే చైనును మోసే ఆ పొడవాటి బద్ద, ఉంటే దానికి ఒకే చైను అని ఎక్కడా లేదు. మిషన్‌ని బట్టి 62 లింకులదీ ఉంటుంది, 68దీ ఉంటుంది, 72దీ ఉంటుంది. వరసగా మూడు రివెట్ల మధ్య దూరాన్ని సగం చేస్తే వచ్చేది పిచ్. అది స్ప్రాకెట్ పళ్లతో కలవాలి. గేజ్ అంటే బారు గాడిలో దిగే నాలుకల మందం: 1.3, 1.5, 1.6 మిల్లీమీటర్లు. 1.6 చైను 1.5 గాడిలో దిగదు. ఆయన "కొత్తది కదా, అరిగితే దిగుతుంది" అంటారు. 1.3 చైను అదే గాడిలో హాయిగా దిగుతుంది. "చూశావా!" అంటారు. అది గాడిలో పక్కకి ఒరిగిపోయి, కోత వంకర తిరిగినప్పుడు మాత్రం తప్పు దుంగదే.

ఇక దిశ. బారు పైభాగాన చైను పళ్ల పదును బారు ముక్కువైపు చూడాలి. చాలా మిషన్ల మీద ఈ దిశ చూపే బొమ్మ పోతపోసి మరీ ఉంటుంది. దాని మీది రంపప్పొట్టు తుడిస్తే కనిపిస్తుంది, ఆయన తుడవరు. 1946లో అమెరికాలోని ఓరెగన్ రాష్ట్రంలో జో కాక్స్ అనే ఆయన మొద్దును తొలిచే పురుగును ఓపిగ్గా గమనించి, దాని దవడల తీరులోనే ఈ చైను పళ్లకు రూపం ఇచ్చాడంటారు. పురుగు నోటిని చూసే ఓపిక ఆయనకుంది, బొమ్మను చూసే ఓపిక ఈయనకు లేదు. తిరగేసి వేసిన చైను సెకనుకు సుమారు 20 మీటర్ల వేగంతో తిరుగుతూ వేపమొద్దును నున్నగా రుద్దుతుంది. నల్లటి మచ్చ పడుతుంది, పొగ వస్తుంది, కోత మాత్రం పడదు. ఆయన మిషన్ ఆపి మొద్దుకేసి చూస్తారు. "చేవదేలిన వేప!" అని తీర్పు ఇస్తారు. తరవాత వంతు పెట్రోల్లో ఆయిల్ కలిపిన కుర్రాడిది.

ఆయన తరఫున వాదించేవాళ్లు లేకపోలేదు. సర్దుబాటు లేకపోతే మన పల్లెల్లో ఒక్క మిషనైనా తిరిగేదా అంటారు. నిజమే, దొరకని పార్టుకు మరోటి అమర్చి పని నడిపించే మెకానిక్కుల చలవే చాలావరకు. కానీ వాళ్ల చేతుల్ని దగ్గరగా చూడండి. కాలిపోయిన బోరు మోటార్‌కి వైండింగ్ చేసేవాడు పాత చుట్టలు విప్పేటప్పుడు ఎన్ని చుట్లో లెక్కపెడతాడు, తీగ ఏ గేజో చూస్తాడు, నోట్‌బుక్కులో రాసుకుంటాడు. లెక్క తెలిశాకే సర్దుతాడు. మన రావుగారు లెక్క బదులుగా సర్దుతారు. ఇద్దరినీ ఒకే గాటన కట్టడం ఆ మెకానిక్‌కి అవమానం.

మరో వాదన కాస్త గట్టిది. చైను బిగువుకి అంకె ఏముంది, చేత్తో చూసుకోవాల్సిందే కదా అంటారు. ముమ్మాటికీ అంతే. బారు నట్లు కాస్త వదులు చేసి, ముక్కును పైకెత్తి పట్టుకుని, టెన్షన్ స్క్రూ తిప్పాలి. కింద వేలాడకుండా బారుకి ఆనాలి, అయినా గ్లోవ్ వేసుకున్న చేత్తో లాగితే కదలాలి. ఆ తరవాతే నట్లు బిగించాలి. కొత్త చైను మొదట్లో సాగుతుంది, కాసేపు కోశాక మళ్లీ చూసుకోవాలి. వేడిమీద బిగిస్తే పని అయ్యాక వదులు చేయాలి. లేకపోతే చల్లారి, కుదించుకుపోయి క్రాంక్‌షాఫ్ట్ బేరింగును లాగేస్తుంది. ఈ మొత్తం పనిలో మనిషిని సర్దుబాటు కోరేది ఇక్కడొక్కచోటే. సరిగ్గా ఇక్కడే ఆయనకు పౌరుషం వస్తుంది. "వదులుంటే జారిపోద్ది" అంటూ స్క్రూ చివరి చుట్టు దాకా తిప్పి, మోకాలు ఆనించి మరీ నట్లు బిగిస్తారు. చైన్ బ్రేక్ వదలడం మరిచిపోయి లాగి చూసి, కదలకపోతే "అదీ బిగువంటే!" అని సంబరపడతారు కూడా.

కాబట్టి మీ మిషన్‌కి చైను కొనేముందు బారు మొదట్లో చెక్కిన అంకెలు చూసి కాగితం మీద రాసుకోండి. అవి అరిగిపోయి ఉంటే పాత చైనునే కొట్టుకు పట్టుకెళ్లండి. ప్లగ్గు వైరు తీసి, బ్రేక్ వదిలి, చేతులకు గ్లోవ్స్ తొడుక్కున్నాకే కొత్తది వేయండి. రావుగారు సాయం వస్తానంటే కాదనకండి, పాపం నొచ్చుకుంటారు. కాఫీ ఇచ్చి అరుగు మీద కూర్చోబెట్టి, స్పానర్ మీ దగ్గరే ఉంచుకోండి.