అనుకోకుండా జరిగిందంటే నేనొప్పుకోను

పెంపుడు కుక్కకి ఏదైనా జరగ్గానే ఈ కాలం వాళ్ళ నోట ఒకటే మాట వస్తోంది: "అనుకోకుండా అయిపోయిందండీ." నేనొప్పుకోను. పశువుల ఆస్పత్రిలో కాంపౌండరుగా చేరి, ఆ పనిలోనే రిటైరైనవాణ్ణి. నోరులేని జీవాలకి జరిగే ప్రమాదాలు పల్లెల్లో చూశాను, ఇప్పుడు కొడుకు దగ్గర హైదరాబాదులో ఉంటూ అపార్టుమెంట్లలో చూస్తున్నాను. మా రోజుల్లో కుక్కకి ఆపద రోడ్డు మీంచో పొలంలోంచో వచ్చేది. ఇప్పుడు ఇంట్లోంచే వస్తోంది. మనమే కొని తెచ్చి, మన చేత్తోనే బల్ల మీద పెట్టిన వస్తువులోంచి వస్తోంది. దాన్ని అనుకోనిదని ఎలా అంటారు?

మా రోజుల్లో అంతా బాగుండేదని చెప్పను. 1970ల్లో తెనాలి చుట్టుపక్కల పల్లెల్లో కుక్క ముసలిదై పోవడం తక్కువే. వరి కోతలప్పుడు యజమాని వెనకాలే గట్టు మీద నడుస్తూ రక్తపింజరి మీద కాలేసేది. కాలో మూతో వాచి, ఎలాగో ఇంటిదాకా వచ్చి గుమ్మం ముందు కూలబడేది. పాముకాటుకి మందు మనుషులకే సరిగా అందని రోజులవి. గోడ లేని బావుల్లో పడినవి ఉన్నాయి, లారీల కింద పోయినవి ఉన్నాయి. అన్నిటికన్నా ఘోరం విషం పెట్టడం. పిచ్చికుక్క తిరుగుతోందని ఊళ్ళో పుకారు పుడితే చాలు, మెడలో బిళ్ళ లేని కుక్కల్ని చంపించేవారు. బిళ్ళ తెగి ఎక్కడో పడిపోయిన ఇంటి కుక్కలు కూడా వాటితో పాటే పోయేవి. వీధికుక్కలకి ఆపరేషన్ చేసి, టీకా వేసి వదలాలే తప్ప చంపకూడదని కేంద్రం 2001లో నిబంధనలు తెచ్చింది. అంతవరకూ ఆ చంపుడు మామూలు సంగతి.

అయినా ఆ కుక్కకి దాని బుద్ధి దానికుండేది, ఆ బుద్ధిని వాడుకునే వీలుండేది. మే నెల మధ్యాహ్నం కుక్క ఎక్కడుందని ఎవరూ వెతికేవారు కాదు. వంటింటి నీళ్ళు పారే అరటి పాదులో మట్టి గీరుకుని, పొట్ట తడి నేలకి ఆనించి పడుకునేది. పొద్దు వాలాక లేచి ఒళ్ళు దులుపుకుని వచ్చేది. కుక్కకి మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు. అరికాళ్ళలో కాస్త పడుతుందంతే. ఒంట్లో వేడి పోగొట్టుకోవాలంటే నోరు తెరిచి రొప్పాలి, లేదా చల్లటి చోటు చూసుకోవాలి. ఇది దానికి ఎవరూ నేర్పక్కర్లేదు. చోటు ఉంటే చాలు.

ఇప్పుడు ఆ చోటే లేకుండా చేశాం. సైబీరియా మంచులో బండ్లు లాగిన జాతి హస్కీ. దాన్ని వేలకు వేలు పోసి కొని, 42 డిగ్రీలు కాసే ఊళ్ళో, పడమటి బాల్కనీలో కట్టేసి ఆఫీసుకి వెళ్ళిపోతారు. పొద్దున ఎనిమిదింటికి ఆ బాల్కనీలో నీడే ఉంటుంది. అది చూసుకునే వెళ్తారు. మూడింటికి అక్కడ టైల్స్ మీద మనిషి చెయ్యి పెట్టలేడు. గిన్నెలో నీళ్ళు కాగిపోయి ఉంటాయి. ఇక పగ్, బుల్‌డాగ్ లాంటివాటి సంగతి సరేసరి. చూడ్డానికి ముద్దుగా ఉండాలని తరతరాలుగా ముక్కు చప్పిడి చేసి పెంచారు వాటిని. పాపం, రొప్పడానికి కూడా వాటికి ఊపిరి చాలదు.

కుక్క ఒంటి వేడి మామూలుగా 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ దాకా ఉంటుంది. 106 దాకా పోయిందంటే లోపల మెదడు, కిడ్నీలు, పేగులు దెబ్బతింటాయి. చిగుళ్ళు ఎర్రగా కందిపోవడం, చొంగ తీగలు సాగడం, తూలడం కనబడితే ఒక్క నిమిషం ఆగకూడదు. నీడకి తెచ్చి, పొట్టకీ తొడల సందుల్లోనూ పాదాలకీ మామూలు కుళాయి నీళ్ళు ధారగా పోస్తూ, ఫ్యాన్ వేసి, అప్పుడు ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. తడి తువ్వాలు కప్పి ఉంచుతున్నారు చాలామంది. అది తప్పు. కాసేపటికి ఆ తువ్వాలు కిందే వేడి ఆగిపోతుంది. కారులో అద్దాలు కాస్త దించి, ఇప్పుడే వస్తానని కుక్కని వదిలి వెళ్ళేవాళ్ళకీ ఇదే చెబుతున్నాను. ఎండలో ఆగిన కారు లోపల పది నిమిషాల్లో వేడి పది డిగ్రీల దాకా పెరుగుతుంది. కాస్త దించిన అద్దం దాన్ని ఆపదు. మధ్యాహ్నం తారురోడ్డు మీద నడిపించేముందు మీ అరచేతి వెనక భాగం రోడ్డుకి ఆనించి చూడండి. ఏడు అంకెలు లెక్కపెట్టేదాకా ఉంచలేకపోతే కుక్కనీ నడిపించకండి.

ఇక ఎముకలు. కిందటి ఏడు పక్క ఫ్లాటు కుర్రాడు తన ల్యాబ్రడార్‌ని తీసుకొచ్చి తలుపు కొట్టాడు. కుక్క ముందుకాళ్ళతో మూతి గీరుకుంటోంది, చొంగతో ఎదంతా తడిసిపోయింది. పెదవి ఎత్తి చూస్తే నల్లి ఎముక ముక్క, గుండ్రంగా, కింది దవడకి కోరల వెనకదాకా ఎక్కి బిగుసుకుపోయి ఉంది. లోపల మూలుగ నాకుదామని దవడ దూర్చింది. ఎముక కోరలు దాటి లోపలికైతే వెళ్ళింది గానీ మళ్ళీ బయటికి రాలేదు. కింద చర్మం అప్పటికే వాచి, ఎముక అంచు దిగబడుతోంది. "అంకుల్, గట్టిగా లాగితే వచ్చేస్తుందా?" అన్నాడు. లాగొద్దన్నాను. లాగితే వాపు పెరుగుతుంది, నొప్పికి అది మనల్నే కరుస్తుంది. నేరుగా డాక్టరు దగ్గరికి పంపాను. మత్తిచ్చి, ఎముకని కోసి తీశారు.

మా రోజుల్లో ఇది నేను చూడలేదు. కారణం ఉంది. మాంసం కొట్టువాడు మొద్దు మీద పెట్టి కత్తితో కొట్టేవాడు. నల్లి చితికేది, పగిలేది, గుండ్రటి ముక్క రావడమే అరుదు. ఇప్పుడు మిషను రంపం వచ్చింది. కస్టమరుకి అందంగా ఉండాలని గాజుల్లా ఒకే మందాన కోసి ఇస్తున్నారు. ఉడికిన ఎముక వేరే ప్రమాదం. పచ్చి ఎముకలా నలగదు, సూదుల్లా విరిగి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది. ఆదివారం బిర్యానీ తిని, పళ్ళెంలో మిగిలిన చికెన్ ఎముకలు ప్రేమగా కిందికి జారవిడిచే చేతులు ఆ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

మామిడి టెంకె గురించి చెప్పకపోతే మన వాళ్ళకి చెప్పినట్టే కాదు. రసాల కాలంలో పెరట్లో పడేసిన టెంకెల్ని కుక్కలు తాపీగా కాళ్ళ మధ్య పెట్టుకుని నాకి వదిలేసేవి. వాటి దగ్గరికి ఎవరూ పరుగెత్తేవారు కాదు. ఫ్లాటులో టెంకె చెత్తబుట్టలోంచి తీసిందా, ఇంటిల్లిపాదీ అరుచుకుంటూ దాని వెంటపడతారు. లాక్కుంటారన్న భయంతో అది గబుక్కున మింగేస్తుంది. టెంకె కడుపు దాటి చిన్నపేగులో ఇరుక్కుంటే వాంతులే వాంతులు, ఆపై పొట్ట కోసి తీయడం తప్ప దారి లేదు. మొక్కజొన్న కండె అయినా, పిల్లల సాక్సులైనా ఇదే వరస. వెంటపడకండి. దానికి ఇష్టమైన ఇంకో తిండి ముక్క చూపించండి. నోట్లోది అదే వదిలేస్తుంది.

మా కుక్కలు తిన్నదేమిటి? మజ్జిగన్నం, గంజి, మిగిలిన రొట్టె. చాక్లెట్ అనేది ఊళ్ళో పిల్లలకే దొరికేది కాదు, కుక్కకెక్కడిది? అందులో ఉండే థియోబ్రొమిన్ కుక్క ఒంట్లోంచి తొందరగా పోదు, గుండె అదుపు తప్పేలా చేస్తుంది. చాక్లెట్ ఎంత నల్లగా ఉంటే అంత ప్రమాదం. పాయసంలో కిస్‌మిస్, ఫ్రిజ్‌లో ద్రాక్ష కొన్ని కుక్కలకి కిడ్నీలు పాడుచేస్తాయి. ఉల్లి, వెల్లుల్లి ఎర్ర రక్తకణాల్ని పగలగొడతాయి. షుగర్‌లెస్ చూయింగ్ గమ్ముల్లో వాడే జైలిటాల్ అన్నిటికన్నా మోసకారి. మనుషుల్లో షుగర్ పెరగకూడదని వాడే ఆ పదార్థం కుక్క రక్తంలో చక్కెరని అరగంటలో పడగొట్టి మూర్ఛ తెప్పిస్తుంది.

మాత్రల విషయంలో మాత్రం నాకు కోపమే వస్తుంది. కుక్క కుంటుతోందని ఇంట్లో డబ్బాలోంచి ఐబుప్రొఫెన్ వేస్తారు, ఒళ్ళు వేడిగా ఉందని పారాసెటమాల్ వేస్తారు. మొదటిది కడుపులో పుండ్లు చేసి కిడ్నీల్ని తీస్తుంది, రెండోది లివర్ని. మనిషికి పడిన మందు ప్రతి ప్రాణికీ పడుతుందని ఎక్కడుంది? మా ఊరి చివర చచ్చిన గొడ్డుని పడేస్తే రాబందులు గుంపుగా దిగేవి, సాయంత్రానికి ఎముకలే మిగిలేవి. గొడ్లకి నొప్పులకని వాడిన డైక్లోఫెనాక్ ఆ కళేబరాల్లో ఉండిపోయి, వాటిని తిన్న రాబందుల కిడ్నీలు పాడై లక్షల్లో పోయాయి. 2006లో పశువులకి ఆ మందు నిషేధించేసరికే ఆకాశం ఖాళీ అయింది. ఒక జాతికి జాతే అలా పోవడం చూసినవాణ్ణి. అందుకే "చిన్న మాత్రేగా అంకుల్" అని ఎవరైనా అంటే వినలేను.

లిఫ్ట్ సంగతి పల్లెలో పుట్టినవాళ్ళం మేము కలలో కూడా ఊహించలేదు. మనిషి ఫోను చూసుకుంటూ లోపలికి అడుగేస్తాడు, కుక్క గుమ్మంలో ఏదో వాసన చూస్తూ బయటే ఆగుతుంది. తలుపు సెన్సరు మనిషిని పసిగడుతుంది, సన్నటి తాడుని పసిగట్టలేదు. తలుపు మూసుకుంటుంది, లిఫ్ట్ కదులుతుంది. ఆ తర్వాత జరిగేది రాయలేను. ముందు కుక్కని ఎక్కించండి, తాడు పొట్టిగా పట్టుకోండి, తలుపు మూసుకునేదాకా కళ్ళు దాని మీదే ఉంచండి. బాల్కనీ గ్రిల్లు సందులోంచి చిన్న కుక్క తల పడితే ఒళ్ళూ పడుతుంది. అక్కడ జాలీ కట్టించండి.

దీపావళి మా రోజుల్లోనూ ఉంది. మనిషి చెవికి 20 వేల హెర్ట్జ్ దాకా వినబడితే, కుక్క చెవికి 40 వేలు దాటి వినబడుతుంది. టపాకాయ దానికి ఎప్పుడూ నరకమే. కానీ అప్పట్లో అది గడ్డివామి సందులో దూరి, తెల్లారాక బయటికొచ్చేది. ఒకవేళ పక్క ఊరు పోయినా ఇది ఫలానా వాళ్ళ కుక్క అని చెప్పి తోలుకొచ్చేవారు. ఇక్కడ తలుపు సందు దొరికి మెట్లు దిగి పారిపోతే, గేటు బయట ఆరు వరసల రోడ్డు. దాని పేరు తెలిసినవాడు ఆ వీధిలో ఒక్కడూ ఉండడు. టపాకాయలు మొదలవకముందే కిటికీలు మూసి, లోపలి గదిలో దాని పక్కన ఒక మనిషి కూర్చోవాలి. ఆ మనిషి ఆ రాత్రి దీపావళి వదులుకోవాల్సిందే.

నన్నయగారి భారతం మొదట్లోనే ఒక కుక్క వచ్చి న్యాయం అడుగుతుంది. ఏ తప్పూ చేయని తన పిల్లని జనమేజయుడి తమ్ముళ్ళు కొట్టారని సరమ ఆ రాజు ముందు నిలబడి, మంచీ చెడూ ఆలోచించకుండా దిక్కులేనివాళ్ళకి కీడు చేసేవాళ్ళకి కారణం లేకుండానే భయాలు వచ్చి పడతాయని చెప్పి వెళ్తుంది. ఇప్పుడు ఏ ఫ్లాటులోనూ సరమ లేదు. తల్లి పాలు మానకముందే పిల్లని విడదీసి అమ్ముతున్నారు. దాని తరఫున అడగాల్సింది మనమే, జరగకుండా చూడాల్సిందీ మనమే.

ఈ కాలంలో మందులున్నాయి, స్కానింగులున్నాయి, కుక్కకి కూడా పాముకాటు మందు ఎక్కిస్తున్నారు. నేను పనిచేసిన ఆస్పత్రి డాక్టరు గారు ఇవన్నీ చూసి ఉంటే ఎంత సంతోషించేవారో. అయినా ఏదో తినేసిందని తెలియగానే ముందు గ్రూపులో మెసేజ్ పెట్టి, ఎవరో చెప్పారని ఉప్పునీళ్ళు పట్టిస్తున్నారు. ఉప్పునీళ్ళు పాతకాలం చిట్కా. దాన్ని పూర్తిగా మానేయాలి. ఒంట్లో ఉప్పు పెరిగి ప్రాణానికే వస్తుంది. కొన్ని రకాల ఎలుకల మందు తింటే కొన్ని రోజుల దాకా కుక్క హుషారుగానే ఉండొచ్చు, రక్తం కారడం ఆ తర్వాత మొదలవుతుంది. విటమిన్ కె1 తో బతికించవచ్చు, కానీ తిన్న రోజే వెళ్ళాలి, ఆ ప్యాకెట్ చేత్తో పట్టుకెళ్ళాలి.

మీ ఇంట్లో కుక్క ఉంటే ఈ సాయంత్రం ఒక పని చేయండి. నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, దాని మూతికి అందే ఎత్తులో ఏమేమున్నాయో గది గదీ చూసి తీసేయండి. రాత్రిపూట తెరిచి ఉండే పశువుల ఆస్పత్రి మీకు దగ్గర్లో ఎక్కడుందో కనుక్కుని, ఆ నంబరు ఇంట్లో అందరి ఫోన్లలో పెట్టండి. పనమ్మాయి ఫోన్లో కూడా పెట్టండి. పగలంతా దాని దగ్గర ఉండేది ఆవిడే.