నాలో నూరిన బావంచాలు

నేను నల్లరాతి కల్వాన్ని. పిట్టలవానిపాలెంలో ఒక వైద్యుల ఇంట మూడు తరాల చేతుల్లో మందులు నూరాను. శొంఠి, పిప్పళ్లు, వస, కరక్కాయ, నాలో పడని దినుసంటూ లేదు. అయితే నా మాట కాగితమెక్కడానికి కారణం బావంచాలు.

బావంచాల మొక్కని మా వైపు ఎవరూ విత్తరు. మా నల్లరేగడి చేలగట్ల మీద, కాలవ పక్కన తనంతట తానే మొలుస్తుంది. ఆకు తిప్పి చూస్తే సన్నటి నల్ల చుక్కలు, అన్నీ నూనె తిత్తులే. లేత ఊదా పూలు గుత్తిగా పూస్తాయి. ఒక్కో కాయలో ఒక్కటే గింజ, దాన్ని కాయ తొక్క వదలదు. మా ఇంటి పెద్దాయన ఆ గింజల్ని ఏడు రోజులు గోమూత్రంలో నానబెట్టి, కడిగి, ఆరబెట్టి నాలో పోసేవాడు. బండ తిప్పగానే ఘాటు వాసన వీధి గుమ్మం దాకా వెళ్లేది. నూరేకొద్దీ జిడ్డు ఊరి బండ నా ఒంటికి అతుక్కునేది. వేలికి పలుకు తగలకుండా పోయేదాకా ఆయన చెయ్యి ఆపేవాడు కాదు.

ఆ ముద్ద బొల్లి మచ్చలకి. బొల్లి అంటురోగం కాదు, కుష్టు అసలే కాదు. అయినా ఆ మచ్చ చూసి సంబంధాలు వెనక్కి పోయిన ఆడపిల్లలు, బడిలో పక్కన ఎవరూ కూర్చోని పిల్లలు మా అరుగెక్కారు. పెద్దాయన మచ్చ మీద పూత రాసి పొద్దుటెండలో కూర్చోబెట్టేవాడు. నెలలు గడిచాక కొందరికి తెల్లటి చోట, వెంట్రుక మొదళ్ల చుట్టూ గసగసాలంత గోధుమరంగు చుక్కలు పొడిచేవి. మెల్లగా ఒకదాన్నొకటి కలుపుకునేవి. వెంట్రుకలుండని పెదవి మీద, వేళ్ల కొసల మీద రంగు రావడం కష్టం. అందరికీ నయమైందని నేను అనను. పూత ఎక్కువై ఒళ్లు బొబ్బలెక్కినవాళ్లనీ చూశాను. ఈ గింజ లోపలికి తీసుకుంటే కాలేయానికి ముప్పుందని ఇవాళ డాక్టర్లు చెబుతున్నారు, ఆ మాట వినాలి.

గింజలో ఉన్న సరుకు పేరు సోరాలిన్. జోయిస్, మంజునాథ్, వెంకటరావు అనే శాస్త్రవేత్తలు దాన్ని ఈ గింజల్లోంచే వేరుచేసి 1933లో అచ్చువేశారు. అది చర్మకణంలోని డీఎన్ఏ పోగుల మధ్యకి చేరుతుంది. 320 నుంచి 400 నానోమీటర్ల అతినీలలోహిత కిరణం తగిలితే ఆ పోగుల్ని పట్టుకుని ముడివేస్తుంది. ఎండ తగలకపోతే ఆ పని జరగదు. పెద్దాయనకి నానోమీటర్లు తెలియవు. మబ్బు పట్టిన రోజు మాత్రం పూత వేసేవాడు కాదు.

ఆయన పోయాక నన్ను హైదరాబాదు తీసుకెళ్లింది మనవరాలు. ఫార్మసీ చదివి పేటెంట్ల పని చేస్తోంది. ఒకనాడు ఆమె ముందుకి ఒక దరఖాస్తు వచ్చింది: సోరాలిన్‌ని కొవ్వు బుడగల్లో నింపి చర్మానికి రాసి, కాంతి పెట్టి రంగు రప్పించే పద్ధతి, అందుకు వాడే మందు. ఇందులో కొత్త ఎంత, పాత ఎంత తేల్చాలి. ఆ పాతనే పేటెంట్లవాళ్లు ప్రయర్ ఆర్ట్ అంటారు.

ఆమె దరఖాస్తుని ముక్కలు చేసి గళ్లు గీసింది: సరుకు, బుడగ, పూత, వెలుతురు, మోతాదు. చరక సంహిత తీసింది. మలపూ అనే మేడిజాతి చెట్టు రసం బెల్లంతో తాగించి బొల్లి రోగిని ఎండలో ఉంచమని అందులో ఉంది. వెలుతురు గడి నిండింది గానీ అది తాగే మందు, పూత కాదు. 13వ శతాబ్దపు వైద్యుడు ఇబ్న్ అల్ బైతార్ బొల్లి వైద్యంలో మరో మొక్క గింజలకీ ఎండకీ ముడిపెట్టాడు. 1940ల్లో ఈజిప్టులో ఎల్ మోఫ్తీ ఆ మొక్క నుంచి తీసిన మిథాక్సీసోరాలిన్‌ని బొల్లికి వాడాడు. 1974లో అమెరికాలో ప్యారిష్, ఫిట్జ్‌పాట్రిక్ బృందం దాన్నే మాత్రగా ఇచ్చి, కొలిచిన దీపకాంతితో సోరియాసిస్ తగ్గించింది. కొత్తదనం లేదని తేల్చాలంటే గళ్లన్నీ ఒకే పత్రంలో నిండాలి. విడివిడిగా నిండితే, ఆ విద్య తెలిసినవాడు వాటిని తేలిగ్గా కలిపేవాడా అని చూడాలి.

నాలో నూరింది ఏ గడిలో పెట్టాలి? నా దగ్గర తేదీ లేదు, అచ్చు లేదు. అమెరికా చట్టం 2013 మార్చి దాకా పరదేశంలో నోటిమాటగా, చేతిపనిగా ఉన్నదాన్ని లెక్కలోకే తీసుకోలేదు. గాయాలకి పసుపు వాడకం మీద అక్కడ 1995లో ఇచ్చిన పేటెంటు 1997లో రద్దయిందంటే మన సీఎస్ఐఆర్ పరిశోధన సంస్థ పాత గ్రంథాలూ పత్రికలూ ముందుపెట్టబట్టే. మన చట్టం ఈ విషయంలో మేలు. మనిషికి చేసే చికిత్సా పద్ధతిని 3(ఐ) సెక్షన్ అసలు పేటెంటుకే రానివ్వదు. సంప్రదాయ జ్ఞానానికి 3(పి) అడ్డుకట్ట. ఇక 25(1)(కె) అయితే స్థానిక సమాజంలో నోటిమాటగా ఉన్న జ్ఞానాన్ని చూపించి కూడా, పేటెంటు రాకముందే ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చంటుంది.

బుడగ గడిలో మాత్రం ఆమె నా పేరు రాయలేదు. అది నాలో ఎన్నడూ జరగలేదు. ఆ కొత్తదనం ఎవరిదైతే వాళ్లకే చెందాలి. పనికొచ్చే మందు చేసినవాడి కష్టాన్ని కాదనడం మా పెద్దాయన కూడా ఒప్పుకోడు. గింజనీ, పూతనీ, ఎండనీ కలిపి మొత్తంగా తమదనడమే అన్యాయం.

అందుకే ఆమె సాక్ష్యం వెతుక్కుంటూ నన్ను వెంటబెట్టుకుని ఊరొచ్చింది. చిన్నతనంలో పెద్దాయన దగ్గర వైద్యం చేయించుకున్న ఒక రైతు చందోలులో ఉన్నాడు. మోచేతి మీద పాత మచ్చ జాడ ఇంకా ఉంది. ఆమె అఫిడవిట్ చదివి వినిపించింది: "పూత రాసి ఎండలో కూర్చోబెట్టేవారు..."

"ఉత్త ఎండ కాదమ్మా," అన్నాడాయన. "పొద్దెక్కకముందు ఎండ. చర్మం కాస్త ఎర్రబడగానే లోపలికి రమ్మనేవాడు మీ తాత. ఎర్రబడకపోతే మర్నాడు ఇంకాసేపు. అది కూడా రాసుకో తల్లీ."

మోతాదు గడి అప్పటిదాకా ఖాళీగా ఉంది. ఆమె అరుగు మీదే కూర్చుని ఆ మాటలన్నీ ఆయన చెప్పినట్టే అందులో రాసింది.